కూర్చునే చోటు

ముందు పక్కకు ఒత్తిగిలాలి. తరువాత మోకాళ్ళను మంచం అంచు దాటించి, కాళ్ళను వాటి బరువుకే కిందికి జారనివ్వాలి. కాళ్ళు దిగుతుండగానే మోచేతిని ఆనించి, ఒంటిని ఎక్కడా మెలిపడనీయకుండా ఒక్క చెక్కలా పైకి లేపాలి. ఇలా లేవడం డాక్టరమ్మ నేర్పింది. అతను ఆ పద్ధతి ప్రకారమే లేచి, మంచం పట్టెను రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని నొప్పి కోసం ఎదురుచూశాడు.

నొప్పి రాలేదు.

రోజూ ఈ పాటికి అది తయారుగా ఉండేది. నడుము కింద పుట్టి, తొడ వెనక నుంచి దిగి, పిక్కలో ఒక మెలిక తిరిగి, చిటికెన వేలి దాకా కాలిన తీగలా పాకేది. చలికాలం మొదట్లో వచ్చిన నొప్పి ఎండలు ముదిరినా పోలేదు. ఉన్న రెండు గదుల ఇంట్లో, ఆ ఒక్క మంచం మీద, మొగుడికీ పెళ్ళానికీ మధ్య చోటు చేసుకుని పడుకుంది. అందుకే అతని భార్య దానికి ఒక పేరు పెట్టింది.

"లేచిందా నా సవతి?" అంది వంటగదిలోంచి.

"లేదే. నిన్న సాయంత్రం నుంచీ పత్తా లేదు. వెళ్ళిపోయినట్టుంది."

గిన్నె మీద గరిట చప్పుడు ఆగిపోయింది. ఆమె గుమ్మం దాకా వచ్చి, అతని మొహంలోకి చూసి, అబద్ధం కాదని తేల్చుకుంది. ఇన్ని నెలలుగా ఉప్పు మూటలు కాచి కాపడం పెట్టిన చేతులు ఆమెవి. ఆ చేతులతో ఏం చెయ్యాలో తోచక గుమ్మం పక్కనున్న గోడను తుడిచింది.

నొప్పి పోయినచోట ఖాళీ ఏమీ లేదు, తిమ్మిరి ఉంది. రెండు తొడల లోపలి వైపూ ఎవరో దూది కూరినట్టు మందంగా ఉంది. మంట ఆరాక బూడిద మిగలదా, ఇదీ అంతేనని సర్దిచెప్పుకున్నాడు. స్నానాల గదిలో మాత్రం కొంచెం కంగారు పడ్డాడు. ఒంటికి వెళదామని ఎంతసేపు నిలబడినా నీళ్ళు దిగలేదు. కుళాయి సన్నగా తిప్పి ఆ చప్పుడు వింటూ నిలబడ్డాడు. చిన్నపిల్లలకు తల్లులు చేసే ఉపాయం. నాలుగు చుక్కలు వచ్చాయో లేదో కూడా చూస్తేగాని తెలియలేదు. నిన్న రాత్రీ ఇదే తంతు. వేడి చేసిందనుకున్నాడు. ఈ వయసులో ఇలాంటివి ఒకళ్ళకు చెప్పేవి కావు. భార్యకైనా సరే.

"తగ్గినా ఒకసారి చూపించుకుని రండి," అంది ఆమె, అతని క్యారేజీ మూత బిగిస్తూ. "మళ్ళీ రమ్మంది కదా ఆవిడ."

"తగ్గిందని చెప్పడానికి డాక్టరు దగ్గరికి ఎవరన్నా పోతారటే?"

ఆమె నవ్వింది. అతనికి కావలసింది ఆ నవ్వే. అసలు సంగతి వేరు. మొదటిసారి వెళ్ళినప్పుడే డాక్టరమ్మ నడుముకు ఫోటో తీయించమంది. ఫోటో తీస్తే అందులో ఏదో కనిపిస్తుంది. కనిపిస్తే కోస్తానంటారు. వాళ్ళ కొట్టులో ఒకప్పుడు దూది ఏకే పెద్దాయన ఉండేవాడు. నడుము కోయించుకున్నాక ఆయన మళ్ళీ నిలబడలేదు. కత్తి పడిన నడుము నిలవదని ఆ కొట్టులో అందరికీ తెలుసు. అతనికి మరీ బాగా తెలుసు, ఎందుకంటే ఆ పెద్దాయన చివరిదాకా పడుకున్న పరుపు కుట్టింది అతనే.

అతను పరుపులు కుట్టేవాడు. కుర్రతనంలో సన్నగా, పొడుగ్గా, నిటారుగా ఉండేవాడని కొట్టులో 'దబ్బనం' అని పేరు పెట్టారు. పరుపులు కుట్టే పెద్ద సూది అది. ఇప్పుడు వంగిపోయాడు కాబట్టి 'కొక్కెం' అని మార్చాలని వేళాకోళం చేసేవారు గానీ, పాత పేరే నిలిచిపోయింది.

వీధిలో ఎడమకాలి చెప్పు రెండుసార్లు జారిపోయింది. మొదటిసారి అతనికి తెలియనే లేదు. వెనకనుంచి వస్తున్న పాలమనిషి "ఏమండోయ్, మీ చెప్పు మీతో రావడం లేదు," అంటే వెనక్కి తిరిగి చూశాడు. నాలుగడుగుల వెనక, దారి మధ్యలో, అలిగిన పిల్లలా కూర్చుని ఉంది. వెళ్ళి తొడుక్కున్నాడు. చెప్పు ముందుభాగం నేలకు రాసుకుని అరిగిపోయింది. పట్టీ వదులైందేమో, సాయంత్రం కుట్టించుకోవాలి అనుకున్నాడు. చెప్పులో తప్పు వెతికాడు గానీ కాలిలో వెతకలేదు.

టీ బంకు దగ్గర నీడలో ఒక బల్ల ఉంది. నొప్పి ఉన్న రోజుల్లో కొట్టు దాకా ఒక్క ఊపులో నడవలేక అక్కడ ఆగేవాడు. టీ తాగకపోయినా బంకు మనిషి ఏమీ అనేవాడు కాదు; అతను వచ్చే వేళకు బల్ల మీది గిన్నెలు తీసి పెట్టేవాడు. ఈ రోజు అతను ఆగకుండా చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. బంకు మనిషి సంతోషంగా గరిట ఊపాడు.

కొట్టు అంటే ముందు ఒక అమ్మకం గది, వెనక ఒక పొడుగాటి షెడ్డు. షెడ్డులో ఒక మూల ఏకిన దూది కొండలా పోసి ఉంటుంది. గాలిలో ఎప్పుడూ దూది నలక తేలుతూ ఉంటుంది; కిటికీలోంచి ఎండ పడితే మంచు కురుస్తున్నట్టు ఉంటుంది. కిటికీ పక్కన కుట్టుమిషను ముందు పరుపు గుడ్డలు కుట్టే ఆవిడ కూర్చుంటుంది. మిషనక్క అంటారు. అతనికంటే రెండు మూడేళ్ళు పెద్ద. మిషను సూది కంటే నోరే వేగం. గది మధ్యలో, నేల మీద పరిచిన గోనెల పక్కన, దబ్బనం కూర్చునే పీట ఉంటుంది.

ఆ పీట మీద ఇప్పుడు ఒక దిండు ఉంది. దాని కథ చెప్పాలి.

రెండు వారాల కిందట డాక్టరమ్మ అతన్ని పరీక్ష చేసి, మాత్రలు రాసి, బరువులు ఎత్తొద్దని, అలాగని అస్తమానం మంచానికి అతుక్కోవద్దని, కాస్త కాస్త నడవమని చెప్పింది. చిన్నపిల్ల. తమకు పిల్లలు పుట్టి ఉంటే ఆ వయసే ఉండేది. 'బాబాయ్ గారూ' అని పిలిచింది. చీటీ చేతికిచ్చాక ఇంకేదో చెప్పబోయి, కలం మూత తీసి, పెట్టి, బల్ల వంక చూస్తూ అంది:

"ఇంకో మాట బాబాయ్ గారూ. కూర్చునే చోట ఏమన్నా తేడాగా అనిపిస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకండి. వెంటనే వచ్చేయండి. అలాగే ఇంకోటి, మీకు..."

అంతలో తెర పక్కకు జరిపి ఎవరో తొంగిచూశారు. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. తండ్రి వయసు మనిషితో ఏదో చెప్పలేని మాట చెప్పాల్సి వచ్చి ఇబ్బంది పడుతోందని మాత్రం అతనికి అర్థమైంది. ఆ ఇబ్బంది తప్పించడం పెద్దవాడిగా తన ధర్మమనిపించింది. "అర్థమైందమ్మా," అని లేచి దణ్ణం పెట్టి వచ్చేశాడు.

అర్థమైంది ఏమిటంటే, కూర్చునే చోటు గురించి. నిజమే కదా, ఇన్నేళ్ళుగా వట్టి చెక్కపీట మీద కూర్చుని పని చేస్తున్నాడు. పీట ఒక కాలు పొట్టి కూడా. అంత చదువుకున్న పిల్ల ఎంత బాగా కనిపెట్టింది అని భార్య దగ్గర మెచ్చుకున్నాడు. మర్నాడే పీట కాలి కింద చెక్కముక్క పెట్టి సరిచేశాడు. మిగిలిపోయిన నీలం చారల గుడ్డతో, మంచి పొడుగు పోగు దూది ఏరి పెట్టి, చిన్న దిండు కుట్టుకున్నాడు. తన కోసం తాను కుట్టుకున్న వస్తువు అదొక్కటే.

ఈ రోజు దాని మీద కూర్చుని అతను ఆశ్చర్యపోయాడు.

"అక్కా, ఈ దిండు ఎంత బాగా కుదిరిందో తెలుసా. అసలు కూర్చున్నట్టే తెలియడం లేదు."

"నీ పని నువ్వే పొగుడుకోవాలి. ఇంకెవరు పొగుడుతారు," అంది మిషనక్క, దారం కొరుకుతూ. "అంత గొప్పదైతే నాకూ ఒకటి కుట్టి పెట్టరా."

"రేపు కుడతాను."

"నీ రేపు నాకు తెలుసులే. నా పెళ్ళికి కుడతానన్న తలగడ ఇంకా రాలేదు. మా ఆయన పోయాడు కూడా."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె మిషను తొక్కింది. అతను దబ్బనంలో పురికొస ఎక్కించాడు.

ఆ రోజు సాయంత్రానికి ఇవ్వాల్సిన పరుపు ఒకటి ఉంది. ఎవరో ఒకాయన తల్లి మంచాన పడింది. ఒళ్ళు ఒరుసుకుపోకుండా మంచి పరుపు కావాలని, ఆమె ఎంత పొడుగో చేతులు చాచి చూపిస్తూ, చేతులు అలాగే ఉంచి మధ్యలో ఆగిపోయాడట. యజమాని ఆ సంగతి చెప్పినప్పటి నుంచీ దబ్బనం ఆ పరుపు మీదే ధ్యాస పెట్టాడు. మంచాన పడ్డవాళ్ళకు మెత్తగా కుడితే చాలదు. నడుము దగ్గర కుంగకూడదు. మడమల దగ్గర నొక్కకూడదు. దూదిని పిడికెడు పిడికెడు విడదీసి, వేళ్ళతో దువ్వి, ఉండ లేకుండా చూసి నింపాడు. ఆ ముసలావిడ ఎవరో, ఎలా ఉంటుందో తెలియదు. అయినా ఆమె వీపు ఎక్కడ ఆనుతుందో, చెయ్యి ఎక్కడ పడుతుందో తెలిసినట్టే నింపాడు. చేతులు ఎప్పటిలాగే మాట విన్నాయి. మనిషికి నడుము చెడినా చేతులు మిగలడం ఎంత అదృష్టమో అనుకున్నాడు.

మధ్యాహ్నం క్యారేజీ విప్పాడు గానీ సగమే తిన్నాడు. నీళ్ళు తాగలేదు. పొద్దుటి నుంచి రెండుసార్లు పెరట్లోకి వెళ్ళి వచ్చాడు. రెండుసార్లూ గోడ మీద పాకుతున్న చీమల బారు చూసి తిరిగి వచ్చాడు. పొత్తికడుపు బిర్రుగా, చేత్తో నొక్కితే బంతిలా ఉంది. విచిత్రమేమంటే వెళ్ళాలన్న తొందర కూడా లేదు. తాగితే కదా వెళ్ళాల్సి వచ్చేది, అని గ్లాసు పక్కన పెట్టాడు. మిషనక్కకు చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. ఆమె ముగ్గురు ఆడపిల్లల్ని పెంచి, మొగుడికి ఆఖరి రోజుల్లో అన్నీ చేసిన మనిషి, నవ్వదు. కానీ ఎలా మొదలుపెట్టాలి? 'అక్కా, నాకు నీళ్ళు...' నోటిదాకా వచ్చిన మాట అక్కడే కూర్చుంది. అది కూడా బయటికి దిగలేదు.

ఎండ కిటికీ దాటి గోడ మీదికి ఎక్కుతున్న వేళకు పరుపు నోరు మూసి కుట్టేశాడు. ఇక మిగిలింది అడ్డకుట్లు. దూది ఒకచోట చేరకుండా పరుపు పొడుగునా అక్కడక్కడా దబ్బనం దించి, పైకి లాగి ముడి వెయ్యాలి. అది నిలబడి, వంగి చెయ్యాల్సిన పని. లేవబోయాడు. కుడికాలు లేచింది. ఎడమకాలు తన సంగతి కాదన్నట్టు ఊరుకుంది. చేత్తో మోకాలు పట్టుకుని నిలబెట్టాడు. పాదం వేలాడింది. అలాగే ఈడ్చుకుంటూ ఒక్కొక్క కుట్టూ వేసుకుంటూ పోయాడు. మిషనక్క తొక్కడం ఆపింది.

"ఏంట్రా ఆ నడక?"

"తిమ్మిరక్కా. కూర్చుని కూర్చుని."

"నొప్పా?"

"అదే లేదంటున్నానుగా. నొప్పి ఉంటే కదా భయం."

ఆఖరి ముడి వేసి దారం తెంపబోతుంటే రెండు కాళ్ళూ ఒక్కసారే మెత్తబడ్డాయి. పడిపోయాడు అనడానికి లేదు. పరుపు మీదికి ఒరిగాడు. దబ్బనం చేతిలోనే ఉంది. వెంటనే లేవబోయాడు; కాళ్ళ కోసం కాదు, మర్యాద కోసం. ఆ కొట్టులో పెద్ద యజమాని నాటి నుంచీ ఒక నియమం ఉంది. కొన్నవాడి నడుము వాలేదాకా పరుపు మీద ఇంకొకడి నడుము వాలకూడదు. పనివాళ్ళు అలిసిపోతే గోనెల మీద పడుకోవాలి. ఇన్నేళ్ళలో ఎన్ని పరుపులు కుట్టాడో గానీ ఒక్కదాని మీదా అతను వెన్ను ఆనించలేదు. వాటి మీద కొత్త జంటలు పడుకున్నారు, పిల్లలు పుట్టారు, పెద్దలు పోయారు. ఇంట్లో అతను పడుకునేది తరుగు దూదితో నింపిన బొంత మీద.

"కాసేపు నడుం వాల్చరా," అంది మిషనక్క. గొంతులో వెటకారం లేదు. "పెద్ద యజమాని పోయి ఎన్నేళ్ళయింది. పైనుంచి చూసినా ఏమీ అనడులే. ఆయనకూ నడుముండేది."

అతను వాలాడు.

మొదట షెడ్డు కప్పు కనిపించింది. ఇన్నేళ్ళు ఇక్కడే ఉన్నా దాన్ని ఎప్పుడూ చూడలేదు. రేకుల మధ్య ఒక సందు ఉంది. అందులోంచి ఎండ ఒక దారంలా దిగుతోంది. దూది నలక ఆ దారం మీద ఎక్కుతూ దిగుతూ ఉంది. కింద పరుపు ఎక్కడ కుంగాలో అక్కడే కుంగింది, ఎక్కడ మోయాలో అక్కడ మోసింది. ఆ ముసలావిడకు బాగుంటుంది అనుకున్నాడు. ఒంట్లో ఎక్కడా ఏ నొప్పీ లేదు. కళ్ళు మూతలు పడ్డాయి.

కళ్ళు తెరిచేసరికి మిషనక్క తల దగ్గర నిలబడి ఉంది. ఆమె అతని మొహం వైపు చూడడం లేదు. నడుము కింద, పరుపు నీలం చారల మీద పాకుతున్న మరక వైపు చూస్తోంది.

"లేవకు," అంది. "తడి తెలియట్లేదా నీకు?"

"ఏం తడి?"

అడుగుతూనే చెయ్యి కిందికి పోనిచ్చాడు. చేతికి తెలిసింది. వెచ్చగా, తడిగా. అరచేతికి తెలిసినది ఆ అరచేతి కిందున్న తన ఒంటికి తెలియలేదు. పక్కింటివాళ్ళ గోడ తడిమినట్టుంది. అతను చెయ్యి తీసి చూసుకుని, మళ్ళీ పెట్టి, ఈసారి గిల్లాడు. వేళ్ళు నొప్పి పుట్టేలా గిల్లాడు.

"డాక్టరమ్మ చెప్పినట్టే చేశాను కదక్కా. కూర్చునే చోటు మార్చాను. పీట సరిచేశాను. దిండు వేసుకున్నాను. మరి ఇలా ఎందుకయింది?"

"పీటేంటి? ఆవిడ ఏమంది? ఉన్నదున్నట్టు చెప్పు."

అతను చెప్పాడు. కూర్చునే చోట తేడా వస్తే ఒక్క పూట కూడా ఆగకుండా రమ్మంది.

మిషనక్క అలాగే చూసింది. ఆ చూపులో ముందు కోపం, తరువాత ఇంకేదో వచ్చిపోయాయి. పీట మీది దిండు వంక చూసింది. మెల్లగా అతని పక్కన గోనె మీద కూర్చుంది.

"ఒరేయ్ దబ్బనం. ఆవిడ చెప్పింది పీట గురించి కాదురా," అంది. "పిర్రల గురించి."

ముందు అతనికే నవ్వొచ్చింది. దిండు కుట్టుకోవడం, ఊరందరికీ చూపించడం, కూర్చున్నట్టే తెలియడం లేదని మురిసిపోవడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆమె కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పరుపు కదిలేంతగా నవ్వారు. తరువాత ఇద్దరిలో ఎవరు ముందు ఆపారో తెలియదు.

"మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "నీకు కాళ్ళే పోయేటట్టున్నాయి కదరా."

ముందు గదిలోంచి యజమాని అడుగుల చప్పుడు వినిపించింది. దబ్బనం చెయ్యి గబగబా మరకను కప్పుకోబోయింది. మిషనక్క లేచి, అతను మధ్యాహ్నం ముట్టుకోని నీళ్ళ జగ్గును తీసి, పరుపు మధ్యలో పూర్తిగా బోర్లించింది.

చిన్న యజమాని వచ్చి చూశాడు. దబ్బనం ఎత్తుకుని ఆడించిన పిల్లవాడే, ఇప్పుడు బట్టతల వచ్చిన మనిషి. సాయంత్రం ఇవ్వాల్సిన పరుపు, దాని మీద పనివాడు, చుట్టూ నీళ్ళు.

"నా చేతిలోంచి జారింది," అంది మిషనక్క. "అరవాలనుకుంటే నా మీద అరువు. కానీ ముందు వ్యాను తీయించు. వీడికి కాళ్ళు రావడం లేదు."

అతను అరవలేదు. నీళ్ళను చూశాడు, జగ్గును చూశాడు. ఆ జగ్గులో అన్ని నీళ్ళు పట్టవని తెలియనంత అమాయకుడు కాదు. దబ్బనం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"పరుపు పాడైంది బాబూ," అన్నాడు దబ్బనం. "ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది."

"పరుపు సంగతి నేను చూసుకుంటాను బాబాయ్. నువ్వు పడుకో."

పరుపుతో సహా అతన్ని నలుగురు పట్టి ఎత్తి వ్యానులోకి చేర్చారు. ఆ వ్యానులోకి అతను ఎన్నో పరుపులు ఎత్తించాడు. మూలలు ఎలా పట్టుకోవాలో, గుమ్మం దగ్గర ఎలా తిప్పాలో ఇప్పుడు కూడా అలవాటుగా పడుకునే చెప్పాడు. మిషనక్క అతని తల దగ్గర కూర్చుంది. దారిలో ఇంటి ముందు ఆగి భార్యను ఎక్కించుకున్నారు. ఆమె పొద్దున్న గోడ తుడిచిన చేతిని అతని గుండె మీద పెట్టి కూర్చుంది.

డాక్టరమ్మ తన ఆసుపత్రి మెట్లు దిగి వ్యానులోకే ఎక్కింది. అతన్ని కదపనివ్వలేదు. ఎప్పటి నుంచి తిమ్మిరి, ఎప్పటి నుంచి నీళ్ళు దిగలేదు అని అడిగింది. ఈసారి ఏ మాటకూ తడబడలేదు, చూపు తిప్పుకోలేదు. అతనూ దాచలేదు. దాచడానికి ఇంకేం మిగలలేదు. తరువాత చుట్టూ దేనికోసమో వెతికి, పరుపు మూల కుట్టు దగ్గర బయటికి వచ్చిన దూదిని చిటికెడు లాగి, వేళ్ళ మధ్య సన్నగా నలిపింది.

"కళ్ళు మూసుకోండి బాబాయ్ గారూ. ఈ దూది తగిలినప్పుడల్లా చెప్పండి."

అతను కళ్ళు మూసుకున్నాడు. మోచేతి మీద తగిలింది. తగిలిందని చెప్పాడు. కడుపు మీద తగిలింది. చెప్పాడు. తరువాత ఎదురుచూశాడు. వ్యాను బయట ఎవరో దగ్గారు. ఎక్కడో గేటు మూసుకుంది. దూది తగులుతుందేమోనని చిన్నపిల్లాడిలా చెవులు రిక్కించి ఎదురుచూశాడు. బతుకంతా దూదిలోనే గడిపిన మనిషి. పొడుగు పోగేదో పొట్టి పోగేదో వేలి కొసతో చీకట్లో చెప్పగలడు.

"మొదలుపెట్టావా అమ్మా?" అన్నాడు.

కళ్ళు తెరిస్తే ఆ పిల్ల చెయ్యి అప్పటికే అతని తొడలు, పిక్కలు దాటి పాదం దగ్గర ఉంది. భార్య మొహం పక్కకు తిప్పుకుంది.

పెద్దాసుపత్రికి ఫోను చేస్తానని, ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకుండా వెళ్ళిపొమ్మని డాక్టరమ్మ చెప్పింది. ఎముకల మధ్య దిండులాంటిది ఒకటి పక్కకు జరిగి నరాల కట్టను నలిపేస్తోందని, ఈ పూటే కోసి ఆ ఒత్తిడి తీసేయాలని చెప్పింది. కొయ్యడమనే మాటకు అతను భయపడతాడని అందరూ అనుకున్నారు. అతను వేరే మాట అడిగాడు.

"నలిగిన దూదిని ఎండలో వేస్తే లేస్తుందమ్మా. నరం లేవదా?"

ఆమె చేతిలోని దూదిని వేళ్ళ మధ్య ఉండ చేసింది.

"వెంటనే అయితే లేస్తుంది బాబాయ్ గారూ. నిన్న సాయంత్రం వచ్చి ఉంటే..." అని ఆగి, "నేను మీకు సరిగ్గా చెప్పలేదు," అంది.

"చెప్పావమ్మా," అన్నాడు. "నేనే అర్థమైందన్నాను."

వ్యాను తలుపు వేశారు. భార్య ఒక్కర్తే అతనితో వెళ్ళింది. మిషనక్క దిగి, దీపాలు వెలుగుతున్న వీధిలో నడుచుకుంటూ కొట్టుకు తిరిగి వచ్చింది.

అతను బతికాడు. ఆ రాత్రే కోశారు. కత్తి పడితే నడుము నిలవదన్న భయం నిజం కాలేదు. నడుము బాగానే నిలిచింది, నొప్పి మళ్ళీ రాలేదు. కానీ ఎడమపాదం లేవలేదు. నీళ్ళు దిగడానికి ఒంటికి తగిలించిన గొట్టం తీసెయ్యడం కుదరలేదు. కూర్చునే చోటు అతనికి మళ్ళీ ఎప్పటికీ తెలియలేదు. అతని భార్య మంచానికి ఒక పక్కన ఇప్పుడూ పడుకుంటుంది. సవతి వెళ్ళిపోయిన ఇల్లు అంత ఖాళీగా ఉంటుందని తనకు తెలియదని మిషనక్కతో ఒకసారి అంది. కొట్టుకు అతను తిరిగి రాలేదు.

ఇదంతా తరువాతి సంగతి. ఆ సాయంత్రం మిషనక్క షెడ్డులోకి వచ్చేసరికి చిన్న యజమాని నేల తుడుస్తున్నాడు. ఇంకో పరుపుకు గుడ్డ కత్తిరించమని, ఆ ముసలావిడ కొడుకుకు కబురు పంపానని మెల్లగా చెప్పాడు. ఆమె తల ఊపి, గోనెల మీద పడి ఉన్న అతని దబ్బనాన్ని తీసి పురికొస ఉండకు గుచ్చింది. పీట పక్కకు జరపబోతూ ఆగింది. నీలం చారల దిండు మీద అతను రెండు వారాలు కూర్చున్న గుర్తు ఉంది. పక్కపక్కనే లోతు తక్కువగా రెండు గుంటలు. రేపు పొద్దున్నే కిటికీలోంచి ఎండ సరిగ్గా అక్కడే పడుతుంది. ఎండ తగిలితే దూది లేస్తుంది. ఆమె పీటను ఎత్తి, దిండు కదలకుండా, ఎండ రాని మూలకు తీసుకెళ్ళి పెట్టింది. గుంటలు రెండూ అలాగే ఉన్నాయి.